లాటిన్ ఇంపర్‌ఫెక్ట్ దగ్గర ఆగిపోయాను, రోమన్ మతం పాఠంతో కలిపి ఎలా చదవాలి?

ప్రశ్న: జర్మనీలో ప్రాచీన చరిత్రలో ఎం.ఎ. చేస్తున్నాను. లాటిన్ తప్పనిసరి. ఇంపర్‌ఫెక్ట్ అనే భూతకాల రూపం, రోమన్ మతం ఒకే వారంలో వచ్చిపడ్డాయి. రూపాలు బట్టీ పట్టాను కానీ, ఎక్కడ ఇంపర్‌ఫెక్ట్ వాడాలో ఎక్కడ పర్‌ఫెక్ట్ వాడాలో తేలడం లేదు. ఇంగ్లీషులో రెండింటికీ 'వర్షిప్డ్' అనే రాసుకుంటున్నాను. దేవుళ్ల జాబితా చూస్తే చాంతాడంత. ఎల్లుండే టెస్ట్, టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ముందు ఇంగ్లీషును పక్కన పెట్టండి. మీ చిక్కంతా అక్కడే ఉంది. తెలుగులో "కొలిచారు" వేరు, "కొలిచేవారు" వేరు. ఒకసారి జరిగి ముగిసిపోతే మొదటిది, అది పర్‌ఫెక్ట్. అలవాటుగా జరిగేదైతే రెండోది, అది ఇంపర్‌ఫెక్ట్. "నేను వెళ్లేసరికి కొలుస్తూ ఉన్నారు" అన్నా ఇంపర్‌ఫెక్టే.

ఇంకో తమాషా ఉంది. కొలవడానికి లాటిన్ క్రియ 'కొలెరె'. 'కొలేబంత్' అంటే కొలిచేవారు! ఇది వట్టి కాకతాళీయం, దీన్ని పట్టుకుని రెండు భాషలకూ చుట్టరికం కలపకండి. గుర్తుపెట్టుకోవడానికి మాత్రం ఇంతకన్నా మంచిది దొరకదు.

మతం పాఠానికి ఈ కాలం బాగా అతుకుతుంది, ఎందుకంటే రోమన్ మతంలో నమ్మకం కన్నా ఆచారానిదే పెద్దపీట. 'రోమానీ లరేస్ కొలేబంత్', అంటే రోమన్లు లరేస్‌ను కొలిచేవారు. లరేస్ అంటే ఇంటిని కాచే దేవతలు. మన పాత ఇళ్లలో దేవుడి గూడు ఉన్నట్టే వాళ్ల ఇళ్లలోనూ వీళ్లకో గూడు ఉండేది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపే ఊళ్లో, వెత్తీల ఇంట్లో అలాంటిది ఇప్పటికీ చూడొచ్చు. ఇద్దరు లరేస్, మధ్యలో ఇంటి యజమాని ఆత్మరూపం, కింద పాము. జాబితా మొత్తం బట్టీ పట్టకుండా ఈ ఒక్క బొమ్మ నుంచి మొదలుపెట్టండి.

అడిగినవారు: చాలా థాంక్సండీ. ఇప్పుడే రెండు వాక్యాలు రాశాను. 'వెస్తాలేస్ ఇగ్నెమ్ సెర్వాబుంత్', అంటే పొయ్యి దేవత వెస్తా పూజారిణులు నిప్పును కాపాడేవారు. రెండోది, 'జుపిటర్ దేవుడిగా ఉండేవాడు' అనడానికి 'ఎరాబత్' అని. సరేనా?

జవాబు: రెండూ తప్పేనండీ, అందరూ చేసే తప్పులే. 'సెర్వాబుంత్' అంటే కాపాడతారు, భవిష్యత్తు. మీకు కావాల్సింది 'సెర్వాబంత్'. 'అమాబిత్' ప్రేమిస్తాడు, 'అమాబత్' ప్రేమించేవాడు. ఒక్క అచ్చులో కాలం మారిపోతుంది. అమాబమ్, అమాబాస్, అమాబత్, అమాబాముస్, అమాబాతిస్, అమాబంత్ అని తెలుగులోనే రాసుకోండి. దీర్ఘాలు చూపించే లిపి మన చేతిలో ఉంది కదా. ఇక 'ఉండు' క్రియకు 'బ' రాదు: ఎరమ్, ఎరాస్, ఎరత్, ఎరాముస్, ఎరాతిస్, ఎరంత్.

వెస్తా పూజారిణులు ఆరుగురు, ముప్పై ఏళ్ల సేవ. అన్నేళ్లు కాపాడుతూ ఉండేవారు కాబట్టి ఇంపర్‌ఫెక్ట్. ఒక రాత్రి నిప్పు ఆరిపోయిందంటే అది పర్‌ఫెక్ట్, ఆ పూజారిణికి కొరడా దెబ్బలు.

ఇంకొకరు: నేను సెమినరీలో లాటిన్ చదివాను. పై జవాబుకు ఒక మాట చేరుస్తాను. వ్యతిరేక వాక్యాల్లో మన తెలుగే మోసం చేస్తుంది. క్రీ.పూ. 249లో రోమన్లు కార్తేజ్‌తో సముద్రంలో చేసిన ద్రెపాన యుద్ధానికి ముందు శకునం చూడటానికి పవిత్రమైన కోళ్లకు గింజలు వేశారు. అవి ముట్టలేదు. సేనాని క్లౌదియుస్‌కు ఒళ్లు మండి, తినకపోతే తాగనివ్వండి అని వాటిని సముద్రంలో పారేయించాడు. ఆపైన యుద్ధంలో ఓడిపోయాడు. 'పుల్లీ నోన్ ఎదేబంత్, క్లౌదియుస్ పుల్లోస్ ఇన్ మరె యేకిత్.' మొదటి క్రియను "తినలేదు" అని తర్జుమా చేస్తే కాలం తేడా కనబడదు. "ఎంతకీ తినడం లేదు" అనుకోండి, ఇంపర్‌ఫెక్ట్ తెలిసిపోతుంది. పారేశాడు ఒక్కసారే, కాబట్టి పర్‌ఫెక్ట్. మాకు చర్చి ఉచ్చారణలో 'యేచిత్' అని నేర్పారు. మీ మాస్టారు ప్రాచీన పద్ధతి వారైతే 'యేకిత్' అనే పలకండి.

అడిగినవారు: 'పుల్లీ నోన్ ఎదేబంత్' గోడకు అంటించానండీ. మా రూమ్మేట్ ఇదేం మంత్రమని అడుగుతున్నాడు.