సెకండ్‌హ్యాండ్ కెనన్ 200డి మార్క్ టూ కెమెరా: చెన్నై తేమలో ముందు ఏం కొనాలి, ఏం మానేయాలి?

వేళచ్చేరి (ప్రశ్న)
అందరికీ నమస్కారం. కెనన్ 200డి మార్క్ టూ సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. 18-55 కిట్ లెన్స్, 50 ఎంఎం 1.8 ఎస్‌టీఎం కూడా వచ్చాయి. గైడ్ పుస్తకం లేదు, బ్యాటరీ ఒక్కటే. షాపులో అడిగితే యూవీ ఫిల్టర్లు, క్లీనింగ్ కిట్, బ్యాగు, ఫ్లాష్, ట్రైపాడ్ కలిపి ప్యాకేజీ చెబుతున్నారు. సంక్రాంతి వెళ్లాక సూళ్లూరుపేట వైపు పక్షుల కోసం వెళ్లాలని ఉంది. ఇంకో అనుమానం: 50 లెన్స్‌లో టార్చి వేసి చూస్తే అంచు దగ్గర సన్నటి తెల్లదారం లాంటిది కనిపిస్తోంది. డబ్బు ముందు దేనికి పెట్టాలి?

పెరంబూరు
ప్యాకేజీ పక్కన పెట్టి ఆ దారం సంగతి ముందు తేల్చండి.

లెన్స్ విప్పి, ముందు, వెనక మూతలు రెండూ తీయండి. కెనన్ ఈఎఫ్ లెన్స్ కెమెరాకి తగిలించనప్పుడు అపర్చర్ (వెలుతురు వెళ్లే రంధ్రం) పూర్తిగా తెరుచుకునే ఉంటుంది కాబట్టి లోపలంతా కనబడుతుంది. గదిలో లైటు ఆర్పి, వెనక వైపు నుంచి టార్చి ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. టార్చికి ఎదురుగా కన్ను పెడితే దుమ్ము కూడా భయంకరంగా కనిపిస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. విడివిడి చుక్కలైతే దుమ్ము, ఫొటోలో ఏమీ తేడా రాదు. పాలు కలిపినట్టు అంతా మసగ్గా ఉంటే హేజ్. కొమ్మలు కొమ్మలుగా చీలి, అంచు నుంచి మధ్యకి పాకుతుంటే ఫంగస్.

పైగాజు మీదా లోపలా అన్నది బ్లోయర్‌తో కొంత తెలుస్తుంది. గాలి కొడితే కదిలేది పైన పడ్డ నూలుపోగు. కదలకపోతే, లెన్స్ టిష్యూ మీద ఒక చుక్క లెన్స్ క్లీనర్ వేసి మధ్య నుంచి అంచుకి గుండ్రంగా తుడవండి. చుక్క టిష్యూ మీదే వేయాలి. గాజు మీద వేస్తే రింగు సందుల్లోంచి లోపలికి దిగుతుంది. అప్పటికీ పోకపోతే అది లోపలి గాజు మీద ఉన్నట్టే. సర్వీసుకి ఇచ్చే ముందు ఎస్టిమేట్ అడగండి. 50 ఎంఎం 1.8 కొత్తది కొన్నా మరీ ఖరీదు కాదు, సర్వీసు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే చేయించడం దండగ. అంచున మాత్రమే ఉంటే ఫొటోల్లో తేడా తెలియకపోవచ్చు. కానీ ఫంగస్ వదిలే ఆమ్లం కోటింగ్‌ని తినేస్తుంది, ఆ మచ్చ తర్వాత తుడిచినా పోదు. అందుకే పెరగకుండా ఆపాలి.

అడయార్
ఆపడం ఎలాగో నేను చెప్తాను. ఈ ఊళ్లో కెమెరాకి కొనాల్సిన మొదటి వస్తువు గాలి చొరని పెట్టె, రెండోది తేమ మీటర్. మిగతావన్నీ ఆ తర్వాతే.

తేమ 60, 65 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే ఫంగస్ మొలుస్తుంది. సముద్రం పక్కనున్న మనకి అది వానాకాలానికే పరిమితం కాదు. బీజాలు గాలిలో ఎలాగూ ఉంటాయి, వాటిని ఆపలేం; తేమని ఆపగలం. పెట్టెలో 40 నుంచి 50 మధ్య ఉంచండి. 30 కిందికి పోతే రబ్బరు గ్రిప్పులకి, లెన్స్ లోపలి గ్రీజుకి మంచిది కాదు.

మూత చుట్టూ రబ్బరు గ్యాస్కెట్, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్న 10 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా చాలు. బాడీ, మూడు లెన్సులు పడతాయి. సిలికా జెల్ 200 గ్రాములు, బట్ట సంచిలో కట్టి ఒక మూల పెట్టండి. గుళికలు విడిగా పోయొద్దు, పొడి రాలి లెన్స్ మౌంట్‌లోకి పోతుంది. చిన్న డిజిటల్ మీటర్ మూతకి లోపలి వైపు అతికిస్తే డబ్బా తెరవకుండానే కనబడుతుంది (మూత పారదర్శకంగా ఉన్నది ఎంచుకోండి మరి).

జెల్‌లో నారింజ రంగుదే అడగండి. నీలం రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, వంటింట్లో వేడి చేయాల్సిన వస్తువు కాదది. నారింజ గుళికలు తేమ పీల్చాక ముదురు ఆకుపచ్చకి తిరుగుతాయి. అప్పుడు ఓటీజీ ఓవెన్‌లో ట్రే మీద పలచగా పరిచి 110, 120 డిగ్రీల మధ్య రెండు గంటలు ఉంచితే మళ్లీ నారింజ అవుతాయి. వేడి అంతకు మించితే రంగు మాడిపోయి ఎప్పుడు నిండిందో తెలీదు. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి.

వేళచ్చేరి
చాలా థాంక్స్ అండీ. జెల్ బదులు బియ్యం పనికిరావా? అమ్మ కలరా ఉండలు వేయమంటోంది.

అడయార్
రెండూ వద్దు. బియ్యం పీల్చేది తక్కువ, పైగా పిండి దుమ్ము. కలరా ఉండలు పురుగులకి, తేమని ఏమీ చేయవు, ఆ ఆవిరి లెన్స్ మీదా ప్లాస్టిక్ మీదా పేరుకుంటుంది. అమ్మగారితో చీరల బీరువాకి వాడుకోమనండి.

ఇంకొకటి. కెమెరా బ్యాగులోనే పెట్టి బీరువాలో దాచొద్దు. బ్యాగు స్పాంజి తేమని పట్టుకుని ఉంటుంది. తోలు కేసులు ఇంకా ఘోరం. బ్యాగు మోయడానికే.

అంబత్తూరు
ఎలక్ట్రానిక్ డ్రై క్యాబినెట్ (తేమని తనే తగ్గించే కరెంటు పెట్టె) గురించి ఎవరూ అనలేదే? 20, 30 లీటర్లది తీసుకుంటే జెల్ గోల ఉండదు. కరెంటు పోయినా తలుపు తీయకపోతే కొన్ని గంటలు లోపలి తేమ పెద్దగా మారదు.

పెరంబూరు
నాలుగైదు లెన్సులు ఉన్నప్పుడు సరే అన్నా. రెండు లెన్సులకి డబ్బానే మేలు.

తాంబరం
గైడ్ గురించి: కెనన్ సైట్‌లో అడ్వాన్స్‌డ్ యూజర్ గైడ్ పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. ఇదే కెమెరాని యూరప్‌లో 250డి, అమెరికాలో రెబెల్ ఎస్‌ఎల్3, జపాన్‌లో కిస్ ఎక్స్10 అని అమ్మారు. ఆ పేర్లతో వచ్చిన పుస్తకాలు, వీడియోలు మీకూ సరిపోతాయి. మార్క్ టూ కాని పాత 200డి గైడ్ మాత్రం తీసుకోవద్దు, మెనూలు తేడా.

గైడ్ చదివేముందు ఒక పని చేయండి. డిస్‌ప్లే లెవెల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెనూ డిస్‌ప్లేని గైడెడ్ నుంచి స్టాండర్డ్‌కి మార్చండి. లేకపోతే పుస్తకంలో చెప్పిన పేజీ మీ తెరమీద వేరేలా కనబడి, కెమెరాలో ఏదో లోపం ఉందనుకుంటారు. డయల్ పీ, టీవీ, ఏవీ, ఎం వీటిలో ఒకదానిమీద ఉంచండి. ఆటోలో ఉంటే సగం ఆప్షన్లు రావు.

ఫ్లాష్ తొందరపడి కొనకండి. మార్క్ టూ హాట్‌షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) చూడండి, మధ్యలో ఉండాల్సిన పెద్ద పిన్ను లేదు. పాత 200డికి ఉంది, దీనికి తీసేశారు. తక్కువ ధరకి దొరికే మాన్యువల్ ఫ్లాషులన్నీ ఆ ఒక్క పిన్నుతోనే వెలుగుతాయి, కాబట్టి ఇందులో పెడితే వెలగవు. కొనాల్సి వస్తే కెనన్ ఈ-టీటీఎల్ (ఫ్లాష్ వెలుగుని కెమెరాయే సరిచేసే) రకమే, అదీ మధ్య పిన్ను లేని కెమెరాకి పనిచేస్తుందని స్పష్టంగా రాసినదే. మీ బాడీ షాపుకి పట్టుకెళ్లి, తగిలించి, వెలిగించి చూశాకే డబ్బివ్వండి.

బ్యాటరీ ఎల్‌పీ-ఈ17. లోపల చిప్ ఉంటుంది, అందువల్ల వేరే కంపెనీవి కొన్ని కెనన్ చార్జర్‌లో ఎక్కవు, కొన్నిటికి మిగిలిన చార్జి తెరమీద కనిపించదు. రెండోది ఒరిజినల్ తీసుకోవడమే సుఖం. ఈ బాడీ యూఎస్‌బీతో చార్జ్ అవదు, చార్జర్ వచ్చిందో లేదో చూసుకోండి.

టీ నగర్
రిచీ స్ట్రీట్‌లో మెమరీ కార్డు కొంటారు కదా, దాని గురించి రెండు ముక్కలు. కార్డు మీద యూ3 లేదా వీ30 గుర్తు ఉండాలి, అంటే సెకనుకి కనీసం 30 ఎంబీ రాయగలదని అర్థం. ఈ కెమెరా 4కే వీడియోకి సుమారు 15 ఎంబీ కావాలి, కాబట్టి చాలినంత కంటే ఎక్కువే. ఇంకా వేగమైన యూహెచ్‌ఎస్-2 రకం కార్డుకి అదనపు డబ్బు దండగ, కెమెరా దాన్ని యూహెచ్‌ఎస్-1గానే వాడుతుంది. ఇంటికి రాగానే విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 అనే కార్డు పరీక్ష ప్రోగ్రామ్ నడపండి. 64 జీబీ అని అచ్చేసి లోపల 8 ఉండే నకిలీలు మొదట్లో బాగానే పనిచేస్తాయి, అసలు నిండాక పాత ఫొటోల మీద కొత్తవి రాసేస్తాయి. పూర్తి కార్డు రాసి చదివించే టెస్ట్‌లో తప్ప అది బయటపడదు. ఫలితం సరిగ్గా వస్తే కెమెరాలోనే ఫార్మాట్ చేసి వాడండి.

యూవీ ఫిల్టర్ మాత్రం తప్పకుండా తీసుకోండి, ముందుగాజుకి రక్ష.

తాంబరం
దీనికి నేను ఒప్పుకోను. సెన్సర్ ముందే యూవీని ఆపే పొర ఉంది, చవక ఫిల్టర్ వల్ల వచ్చేది రాత్రి ఫొటోల్లో వీధిలైట్ల దొంగ ప్రతిబింబాలే. హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) పెడితే దెబ్బ కూడా దానికే తగులుతుంది. 18-55 ఎస్‌టీఎంకి ఈడబ్ల్యూ-63సీ హుడ్, 50కి ఈఎస్-68.

టీ నగర్
మెరీనాలో గాలి వీచే రోజున హుడ్ ఉప్పు తుంపరని ఆపుతుందా చెప్పండి!

పెరంబూరు
ఇద్దరిదీ సరే. బీచ్‌లో ఫిల్టర్, మిగతా చోట్ల హుడ్. ఫిల్టర్ సైజు 18-55కి 58 ఎంఎం, 50కి 49 ఎంఎం, ఒకటి రెండోదానికి పట్టదు. ఫిల్టర్ బిగుసుకుపోతే రెండు వేళ్లతో నొక్కి తిప్పొద్దు, రింగు కోడిగుడ్డులా వంగి ఇంకా పట్టేస్తుంది. చుట్టూ వెడల్పు రబ్బర్‌బ్యాండ్ వేసి అరచేత్తో తిప్పండి.

సూళ్లూరుపేట గురించి: 55-250 ఎస్‌టీఎం జూమ్ లెన్స్ ఉంటే నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడకొంగలకి (పెలికాన్లకి) సరిపోతుంది. పులికాట్ సరస్సులో రాజహంసలు (ఫ్లెమింగోలు) చాలా దూరంగా ఉంటాయి, వాటికి చాలదు. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గొద్దు. తెల్లవారుజామున ఏసీ కారులోంచి కెమెరా బయటికి తీస్తే గాజు చెమర్చుతుంది. దిగే ముందే జిప్ కవర్‌లో వేసి మూసి, 20, 30 నిమిషాలు అలా బయట ఉంచాక తెరవండి. చెమర్చినప్పుడు లెన్స్ మాత్రం విప్పొద్దు.

ట్రైపాడ్ కొంటే ప్లేట్ చిన్నది చూడండి. దీనికి కార్డూ బ్యాటరీ రెండూ అడుగునున్న ఒకే తలుపులో ఉంటాయి, పెద్ద ప్లేట్ ఆ తలుపుకి అడ్డం పడుతుంది.

వేళచ్చేరి
టార్చితో మళ్లీ చూశాను, దారం చీలి ఉంది, టిష్యూకి పోలేదు. ఫంగసే. డబ్బా, జెల్, మీటర్ తెచ్చాను. రెండో రోజుకి 34 చూపిస్తోంది. 40 ఉండాలన్నారు కదా, మీటర్‌ని నమ్మొచ్చా?

అడయార్
పరీక్షించండి. సోడా సీసా మూతలో కల్లుప్పు నింపి, నాలుగైదు చుక్కల నీళ్లు వేయండి. తడి ఇసుకలా ఉండాలి, కరిగిపోకూడదు. ఆ మూతనీ మీటర్‌నీ ఒక జిప్ కవర్‌లో, ఒకదానికొకటి తగలకుండా, మూసి రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు పక్కన గాలి తేమ 75 దగ్గర నిలుస్తుంది. మీటర్ 75కి ఎంత ఎక్కువో తక్కువో చూపిస్తే, అదే దాని తేడా.

వేళచ్చేరి
81 వచ్చింది.

అడయార్
అయితే మీది 6 ఎక్కువ చూపిస్తోంది, డబ్బాలో నిజానికి 28 ఉంది. జెల్‌లో సగం తీసి వేరే సీసాలో బిగించి పెట్టండి, మొదటి సగం పచ్చబడ్డాక మార్చుకోవచ్చు. ఇకమీద మీటర్ 46, 56 మధ్య ఉంటే చాలు, 60 దాటితే జెల్ వేడి చేయండి. ఫంగస్ లెన్స్‌ని ఆ తీసిన జెల్‌లోంచి కొంచెంతో వేరే చిన్న డబ్బాలో ఉంచండి.