కాడ్రాన్ జీ-3 శిక్షణ విమానంలో ఆముదం ఎందుకు పోసేవారు?

దేవరకొండ ఉపాధ్యాయుడు:
మా బడి పిల్లలు సైన్సు ప్రదర్శనకు కాడ్రాన్ జీ-3 నమూనా చేస్తున్నారు. 1914 నాటి ఫ్రెంచి విమానం, ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు. మొదట యుద్ధంలో నిఘాకు, తర్వాత పైలట్ల శిక్షణకు వాడారు. ఇంజిన్‌కు ఆముదం వాడేవారని చదివి వినిపిస్తే తరగతంతా ఎందుకని అడిగింది. సగం మంది ఇళ్లలో ఆ పంటే మరి. వివరంగా చెప్పగలరా? ఆ విమానాన్ని పక్కకు ఎలా వంచేవారు?

అచ్చంపేట ట్రాక్టర్ మెకానిక్:
మాస్టారూ, చాలావాటికి 80 హార్స్‌పవర్ లె రోన్ ఇంజిన్ ఉండేది. ట్రాక్టర్‌లో సిలిండర్లు కదలవు, క్రాంకు అనే ఇరుసు తిరుగుతుంది. ఇక్కడ క్రాంకును విమానానికే బిగించారు. తొమ్మిది సిలిండర్లూ పంకాతో కలిసి తిరుగుతాయి. గాలికే చల్లబడతాయి కాబట్టి రేడియేటర్ లేదు, నీళ్ల బరువు లేదు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి!

అయితే పెట్రోలు, గాలి కలిసి క్రాంకు పెట్టెలో నుంచే సిలిండర్లకు వెళ్లాలి. అక్కడ మామూలు ఇంజిన్ ఆయిల్ ఉంటే పెట్రోలు దాన్ని కరిగించి కడిగేస్తుంది. ఆముదం పెట్రోలులో అంత తేలిగ్గా కలవదు, వేడికీ తట్టుకుంటుంది. ఒకసారి పోసిన నూనె మళ్లీ ట్యాంకుకు రాదు, పొగతోపాటు బయటికి చిమ్ముతుంది. ఇంజిన్ ముందుంటుంది, గురుశిష్యులు దాని వెనకే. ఆ తుంపర పీల్చి కడుపులు పాడయ్యేవి. ఎందుకో మన పిల్లలకు వేరే చెప్పాలా!

ఇక వంచడం. తొలి జీ-3లకు రెక్క చివర కదిలే పలకలు లేవు. తీగలు లాగి రెక్కనే మెలితిప్పేవారు. అందుకే థర్మకోల్ వద్దు; సన్నని వెదురు బద్దలు, పలుచని గుడ్డతో చేయించండి. తీగ లాగితే రెక్క మెలి తిరగడం చూసేవారికి కనబడాలి.

పాలెం రైతు:
నమూనా పక్కన ఒక ఆముదం గెల తప్పకుండా పెట్టించండి సార్. 1918లో విమానాల నూనె కోసం అమెరికా ఆసియా నుంచి గింజలు తెప్పించుకుని మరీ సాగు చేయించింది. మన చెల్కల్లో వానాధారంగా పండుతుందని ఈ పంటను చిన్నచూపు చూస్తే నాకు బాధగా ఉంటుంది.

దేవరకొండ ఉపాధ్యాయుడు:
ఇద్దరికీ ధన్యవాదాలు. గెల తెస్తామని అప్పుడే ముగ్గురు చేతులెత్తారు. వెదురు ఈ వారమే తెప్పిస్తాను.

అచ్చంపేట ట్రాక్టర్ మెకానిక్:
ఆడపిల్లలకు ఇది కూడా చెప్పండి: 1921 ఏప్రిల్ 1న ఏడ్రియెన్ బొలాన్ అనే ఫ్రెంచి మహిళ జీ-3లోనే అర్జెంటీనా నుంచి ఆండీస్ పర్వతాలు దాటి చిలీలో దిగింది.