ఫోర్ట్రాన్ ప్రోగ్రామింగ్ భాషలో స్ట్రింగ్‌ని (అక్షరాల వరుసని) నంబర్ చేసేటప్పుడు తప్పు ఇన్‌పుట్‌ని ఎలా పట్టుకోవాలి?

అందరికీ నమస్తే. ఫైల్‌లో ఒక్కో లైన్‌ని క్యారెక్టర్ వేరియబుల్‌లోకి తీసుకుని ఇంటర్నల్ రీడ్‌తో (ఫైల్ బదులు ఆ వేరియబుల్ నుంచే చదవడం) రియల్ నంబర్‌గా (దశాంశ సంఖ్యగా) మారుస్తున్నా. మొదట ఎఫ్8.2 ఫార్మాట్ (8 అక్షరాల వెడల్పు, 2 దశాంశాలు) పెడితే 12345 కాస్తా 123.45 అయిపోయింది, చుక్క లేకపోతే చివరి రెండంకెల్ని దశాంశాలుగా తీసుకుంటుందట, సరే అని ఫార్మాట్ బదులు స్టార్ (*, అంటే ఫలానా ఫార్మాట్ అని చెప్పకుండా చదవడం) పెట్టాను, అది కుదిరింది గానీ ఇప్పుడు ఇంకో చిక్కు, లైన్‌లో 12/5 అని ఉన్నా, 12 తర్వాత ఖాళీ వదిలి ఏవో అక్షరాలున్నా చప్పుడు లేకుండా 12 తీసేసుకుంటోంది, ఐఓస్టాట్ (చదవడంలో తప్పు వచ్చిందో లేదో చెప్పే కోడ్) కూడా సున్నాయే, అంటే తప్పేమీ లేదనే ఇస్తోంది.

స్ట్రింగ్ మొత్తం నంబరేనా అని కచ్చితంగా తేల్చుకోవాలంటే ముందు వెరిఫై ఫంక్షన్‌తో (మనం ఇచ్చిన అక్షరాలు కాక వేరేవి స్ట్రింగ్‌లో ఉన్నాయేమో చెప్పేది) చూడాలా? మరి 1.5ఇ-3 (అంటే 0.0015) లాంటివాటికి ఏం చెయ్యాలి? తప్పు విలువ ఒక్కటి లెక్కల్లోకి వెళ్లినా తర్వాత వెతకడం చాలా కష్టమండీ. నంబర్‌ని తిరిగి స్ట్రింగ్ చెయ్యడం జీ0 ఫార్మాట్‌తో బాగానే అవుతోంది, ఇబ్బందల్లా చదివే వైపే. ఎవరైనా చిన్న కోడ్ ముక్క చూపిస్తారా?