ముడుమాల్ నిలురాళ్ళు, దామరవాయి రాకాసి గుళ్ళు: ఒక్క ట్రిప్‌లో అవుతాయా?

పిల్లలతో_ప్రయాణం: అందరికీ నమస్తే. డిసెంబర్ 21కి హైదరాబాద్ నుంచి ముడుమాల్ వెళ్దామనుకుంటున్నాం, ఆరోజు సూర్యుడు రాళ్ళ వరసకి సరిగ్గా వస్తాడంట కదా. అటునుంచి అటే దామరవాయి డోల్మెన్లు (అవే రాకాసి గుళ్ళు, పాతకాలం రాతి సమాధులు) కూడా చూసేయొచ్చా? ఇద్దరు పిల్లలు, మా అత్తమ్మ ఉంటారు. రాళ్ళ దాకా కారు పోతుందా, నడిచే బాట ఎలా ఉంటుంది, దగ్గర్లో బాత్రూమ్ ఉందా?

పాలమూరోడు: అక్కా మ్యాప్ జూసిన్రా? ముడుమాల్ కృష్ణ ఒడ్డుకు నారాయణపేట జిల్లాల, దామరవాయి ములుగు అడవిల తాడ్వాయి దిక్కు. ఇదొక కొస, అదొక కొస. ముడుమాల్‌కైతే మక్తల్ మీదికెళ్ళి రండి. యునెస్కో తాత్కాలిక జాబితాల పేరొచ్చింది 2025ల, గానీ మా తాతలు ఎప్పటిసందో నిలురాళ్ళ తిమ్మప్ప అంటున్నరు, అండ్ల ఒక రాయి మాకు ఎల్లమ్మ. మొన్న ఎవలో ఆ రాయికి బూటుకాలు ఆనించి ఫోటో దిగిన్రు. గుడిల గిట్లనే చేస్తరా?

రాయి_పిచ్చి: బూటు తప్పే, ఒప్పుకుంటా. మరి పసుపు, నూనె పూయడం ఒప్పా? మూడు వేల ఏళ్ళు దాటిన రాయి బ్రో అది, పైన ఏదన్నా గుర్తు చెక్కి ఉంటే జిడ్డు కింద పోదా

పాలమూరోడు: ఆ పసుపు లేకుంటే రాయే ఉండకపోవు అన్నా. మొక్కని రాళ్ళు ఏమైనయో చేన్లల్ల తిరిగి జూడు, దున్నుడుకు అడ్డమని పీకి గట్లకేసిన్రు. మీరు ఏడాదికొకపారి కెమెరా తెస్తరు, మేం ఈడనే ఉంటం.

రాయి_పిచ్చి: అంటే దేవుడైతేనే మిగలాలి, లేకపోతే గట్టుకి. సూపర్.

విశ్రాంత_మాస్టారు: ఇద్దరూ ఆపండి. నేను 22 ఏళ్ళుగా ఈ రాళ్ళ వెంట తిరుగుతున్నాను, మీలాగా రీల్స్ చూసి మాట్లాడటం లేదు. పది నుంచి పద్నాలుగు అడుగుల నిలువురాళ్ళు సుమారు 80, చుట్టూ వేలల్లో చిన్న రాళ్ళు, ఒక రాతి మీద గుంటలు చెక్కి సప్తర్షి మండలం చూపించారు. అది వదిలేసి పసుపు గొడవా! అదే పాలమూరులో ఊట్నూరు (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు నాయనా) బూడిద దిబ్బ ఉంది, 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వాడు, పశువుల పేడ కాలిన దిబ్బ. దాన్ని ఎవరడుగుతున్నారు?

ములుగు_దారి: దామరవాయి పోయేవాళ్ళు ముందు ఊళ్ళో చెప్పి పొండి. మేం నలుగురం బ్యాగులు, కొలిచే టేపు పట్టుకుని దిగితే గుప్తనిధులోళ్ళనుకుని గంటన్నర కూర్చోబెట్టారు. వాళ్ళ తప్పేం లేదు, ఎవడో రాత్రిపూట పలుగుతో వచ్చి గుళ్ళ కింద తవ్వి పోయాడట. లోపల బంగారం ఎక్కడిది, అది సమాధి, ఉంటే గింటే శవాన్ని పెట్టిన రాతి తొట్టి. ఆఖరికి ఆ పెద్దాయనే చాయ్ పోయించి ఒక పిల్లగాణ్ణి తోడిచ్చాడు, లేకపోతే దొరికేవి కావు. బాట అంటూ ఏం లేదు, పశువులు నడిచిన జాడే.

నల్లమల_నడక: బాట అంటే శ్రీశైలం పాత కాలిబాటండీ. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా, రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి వేయించిన మెట్లంటారు, ఉగాదికి కన్నడం వాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకుని కూడా ఎక్కేస్తారు, మాకు మాత్రం మోకాళ్ళు పోయాయి

విశ్రాంత_మాస్టారు: అది 14వ శతాబ్దం. ఇక్కడ మాట్లాడేది చరిత్రపూర్వం. వేరే టాపిక్ పెట్టుకోండి.

నల్లమల_నడక: రాయి పాతదైతేనే మోకాలు నొప్పి లెక్కా సార్?

రాయి_పిచ్చి: 😂 మాస్టారూ, 22 ఏళ్ళలో ఆ ఊట్నూరు దిబ్బ ఫోటో ఒక్కటన్నా పెట్టారా ఇక్కడ?

పిల్లలతో_ప్రయాణం: దామరవాయి మానేశామండీ. బాత్రూమ్ గురించి ఎవరన్నా...

పాలమూరోడు: మక్తల్‌లనే కానిచ్చుకొని రండక్కా. అత్తమ్మను పసుపు తెమ్మనండి, ఎవడేమంటడో నేను జూస్త.