డిశ్చార్జి జాగ్రత్తలు పేషెంటుకు చెప్పాలా, కొడుక్కి చెప్పాలా?

నెల్లూరు వార్డు సిస్టర్:

నెల్లూరులో ఒక ఆసుపత్రి మెడికల్ వార్డులో స్టాఫ్ నర్సుని, పదకొండేళ్ల సర్వీసు. ఈ గ్రూపులో సిస్టర్లు ఉన్నారు, పేషెంట్లు ఉన్నారు, ఇంట్లో మంచం పట్టినవాళ్లను చూసుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న మీ ముందు పెడుతున్నా.

పొదలకూరు వైపు నుంచి ఒక నిమ్మతోట రైతు, యాభై ఎనిమిదేళ్లాయన, కాలి పుండుతో చేరాడు. షుగరు బాగా ఎక్కువ ఉంటే ఇన్సులిన్ మొదలుపెట్టారు. పొద్దున 20 యూనిట్లు, రాత్రికి 10. డిశ్చార్జి రోజు కొడుకు బెంగళూరు నుంచి వచ్చాడు. చదువుకున్న అబ్బాయి, ప్రతి మాటకూ తల ఊపుతూ విన్నాడు. అతన్ని కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు అన్నీ చెప్పాను. చెప్పినంతసేపూ పెద్దాయన మంచం మీద కూర్చొని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయన భార్య సంచులు సర్దుకుంటోంది.

పన్నెండో రోజు మళ్లీ వచ్చారు. షుగరు 430. పుండు పెద్దదైంది. సూది మానేశారేమో అనుకున్నా. మానలేదు, రెండు పూటలా వేస్తూనే ఉన్నారు. కొడుకు మూడో రోజే వెళ్లిపోయాడట. మేమిచ్చిన సిరంజీలు అయిపోతే ఆ తల్లి మందుల షాపుకెళ్లి ‘ఇన్సులిన్ సిరంజి’ అని అడిగింది. నారింజ రంగు మూతవి ఇచ్చారు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. ఆమె నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగింది. ఆ గీత దగ్గర ఉండేది 0.2 మిల్లీలీటర్లు. వాళ్ల దగ్గరున్న 40 రకం సీసాలోంచి అంత తీస్తే వచ్చేది 8 యూనిట్లే. 20 పడాల్సిన చోట 8, 10 పడాల్సిన చోట 4. అదే తిరగబడి, 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా తీసుంటే 50 యూనిట్లు ఒంట్లోకి వెళ్లేవి. లో షుగర్ వచ్చి ప్రాణం మీదికే వచ్చేది.

ఎర్ర మూత సంగతి నేను చెప్పాను. ఆ మాట ఆమెతో అంటే, ‘అబ్బయ్యకు కదా సిస్టరమ్మా చెప్పింది, నాకెవురు చెప్పారు?’ అంది. నా దగ్గర జవాబు లేదు.

నా మాట ఇది. ముందు పేషెంటుకే చెప్పాలి, చదువు రాకపోయినా, వయసు మీద పడినా. తర్వాత ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారో వాళ్లకు. కొడుకులకు అందరికంటే ఆఖర్న. మీరేమంటారు?

కావలి అబ్బాయి:

సిస్టర్ గారూ, మీ బాధ అర్థమైంది. మీరన్న వరస మాత్రం నేను ఒప్పుకోలేను.

మా నాన్నకు పోయినేడాది గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. డిశ్చార్జి రోజు ఆయన ముందే అన్నీ చెప్పేశారు. పంపింగ్ తగ్గింది, ఉప్పు తగ్గించాలి, నీళ్లు కొలిచి తాగాలి, కాళ్లు వాచినా పడుకుంటే ఆయాసం వచ్చినా ప్రమాదం, వెంటనే తీసుకురండి. ఆ రాత్రి నుంచి ఆయన వెల్లకిలా పడుకోలేదు. నెల రోజులు గోడకు ఆనుకొని కూర్చొనే నిద్రపోయాడు. ఆయాసం ఉండి కాదు, వస్తుందేమోనని టెన్షన్. అన్నం సగానికి తగ్గిపోయింది, మనిషి చిక్కిపోయాడు. ఆ మాటలన్నీ నాకూ మా అక్కకూ పక్కకు పిలిచి చెప్పుంటే ఉప్పు మేం తగ్గించేవాళ్లం, నీళ్లు మేం కొలిచేవాళ్లం, ఆయన నిమ్మళంగా ఉండేవాడు.

మన ఇళ్లల్లో పెద్దవాళ్లకు జబ్బు చేస్తే ఆ భారం పిల్లలే మోస్తారు. అందులో తప్పేముంది? కొడుకులందరూ మూడో రోజు బెంగళూరు బస్సెక్కరు కదా.

రిటైర్డ్ హెడ్మాస్టర్, ఒంగోలు:

కావలి బాబూ, మీ నాన్నగారి మీద మీకున్న ప్రేమను నేను తప్పు పట్టను. కాకపోతే నేను మంచం మీద పడుకున్న మనిషిని, ఆ వైపు నుంచి చెప్తాను.

వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. మొదట్లో అందరూ మా అబ్బాయితోనే మాట్లాడేవారు. నేను కళ్లు తెరుచుకొనే ఉన్నా ‘రాత్రి ఈయన నిద్రపోయాడా?’ అని వాణ్ణి అడిగేవారు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు పాఠం చెప్పిన మనిషికి తన ఒంటి సంగతి ఇంకొకరి నోట వినడం ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి.

ఎడమచేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండు రక్తనాళాలను కలిపే ఆపరేషన్, చేశాక ఒక సిస్టర్ మాత్రం వేరేగా చేసింది. నా పక్కన కూర్చొని నా కుడిచేతి వేళ్లు తీసి ఆపరేషన్ చేసిన చోట పెట్టింది. ‘లోపల జుమ్మంటోంది, తెలుస్తోందా సార్? రోజూ పొద్దున లేవగానే ఇలా చూసుకోండి. ఆ జుమ్మనడం ఆగితే ఆలస్యం చేయకుండా రండి. ఈ చేతికి బీపీ చూడనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి, బరువు ఎత్తకండి, దీనిమీద పడుకోకండి’ అంది. రెండు నిమిషాలు పట్టిందేమో.

తర్వాతెప్పుడో జ్వరంతో ఇంకోచోట చేరితే రక్తం తీయడానికి వచ్చిన కుర్రాడు తిన్నగా ఎడమచేతికి పట్టీ కట్టబోయాడు. మా అబ్బాయి మందులు తేవడానికి కిందికి వెళ్లున్నాడు. నేను చెయ్యి లాక్కుని, ఇది కాదు బాబూ, ఆ చేతికి తియ్యి అన్నాను. నాకు తెలియకపోయుంటే ఆ ఫిస్టులా ఏమయ్యేదో.

ఇంకో సంగతి. చూడ్డానికి వచ్చే ప్రతి చుట్టం కొబ్బరిబోండాలు పట్టుకొస్తాడు, చలవ చేస్తుందని. డయాలసిస్ మనిషికి వాటిలో పొటాషియం ఎక్కువ. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోనూ వచ్చు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చుట్టం ప్రేమగా గ్లాసు నోటి దగ్గర పెడితే వద్దనాల్సింది నేనే కదా.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారుచేసింది. తన జబ్బు గురించి తెలుసుకునే హక్కుతో పాటు, జాగ్రత్తలు నేర్పించుకునే హక్కు కూడా అందులో రోగికే రాశారు.

రాత్రి డ్యూటీ:

పేషెంటా కొడుకా అని అందరూ వాదిస్తున్నారు. చెప్పాల్సిన మనిషికి తీరిక ఉందా అని ఒక్కరూ అడగలేదు. నేను ఒంగోల్లో ప్రైవేటులో చేస్తున్నా. రాత్రిపూట వార్డంతటికీ ఇద్దరం. పగలైతే బిల్లు క్లియరై కాగితాలు చేతికొచ్చేసరికి మధ్యాహ్నం మూడు. అప్పటికే కింద ఆటో నిలబెట్టి ఉంటారు, పొదిలి బస్సు పోతుందని తొందర. ఎదురుగా ఎవరు నిలబడితే వాళ్లకు మందుల చీటీ చదివి పంపేస్తాం. కేస్ షీటులో హెల్త్ ఎడ్యుకేషన్ ఇచ్చినట్టు రాసి సంతకం పెడతాం. అది తప్పని నాకు తెలుసు. ఈ పనికి వేరే మనిషిని పెట్టనంతవరకు నర్సుల్ని అనకండి.

నర్సింగ్ ట్యూటర్:

రాత్రి డ్యూటీ చెప్పింది అబద్ధం కాదు. మనుషులు తక్కువన్నది నిజం, దానికోసం అడగాల్సిందే. అయినా ఒక మాట తల్లీ. డిశ్చార్జి రోజు మధ్యాహ్నం మూడింటికి నేర్పడం మొదలుపెడితే వార్డుకి పదిమంది నర్సులున్నా ఫలితం ఉండదు. ఇంటికెళ్తున్న మనిషి మనసు అప్పటికే ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది.

రోజుకు రెండు పూటలు ఇన్సులిన్ వేసే మనిషి ఆరు రోజులుంటే నువ్వు ఆ మంచం దగ్గరికి పన్నెండుసార్లు సూదితో వెళ్తావు. మొదటిరోజు ‘చూడండి, ఎక్కడ వేస్తున్నానో’ అను. రెండోరోజు సీసా ఆమె చేత పట్టించు. మూడోరోజు గీత దాకా ఆమెనే లాగమను, నువ్వు చూడు. నాలుగోరోజు చోటు మార్చి వేయడం. ఒక్కోసారి అదనంగా పట్టేది ఒకట్రెండు నిమిషాలు.

ఇక మనందరం చేసే పెద్ద తప్పు ‘అర్థమైందా?’ అని అడగడం. మన జిల్లాలో ఆ ప్రశ్నకు ‘ఆ, అర్థమైంది’ అనని మనిషిని నేనింతవరకు చూడలేదు. కాదంటే సిస్టర్ విసుక్కుంటుందని భయం, మర్యాద. దాని బదులు ఇలా అడగండి: ‘అమ్మా, నేను సరిగ్గా చెప్పానో లేదో నాకు తెలియాలి. ఇంటికి పోయాక ఎట్లా చేస్తారో ఒకసారి నాకు చేసి చూపించండి.’ పరీక్ష నాకే కాబట్టి ఆమెకు సిగ్గుండదు. ఎక్కడ తప్పుతోందో మనకు వెంటనే కనిపిస్తుంది.

పొదలకూరు ఆమెకు చదువు రాకపోతే ఏం చేయాలి? ఒక ఎర్ర మూత ఆమె చేతికిచ్చి, షాపులో నోటితో అడగొద్దు, ఇది చూపించి ఇట్లాంటిదే ఇమ్మని చెప్పాలి. వాడేసిన సిరంజి ఒకదానికి సూది తీసేసి, 20 గీత దగ్గర ప్లాస్టర్ ముక్క అంటించి ఇవ్వాలి. ఇంట్లో ఫ్రిజ్ ఉందా అని అడగాలి. లేకపోతే సీసాను మూతున్న డబ్బాలో పెట్టి, తడి ఇసుకలో కూర్చోబెట్టిన మట్టికుండలో ఉంచమనాలి. రోహిణి కార్తె ఎండలో అటక మీదో కిటికీలోనో పెడితే మందు పాడవుతుంది. చెమటలు పట్టి, వణుకొచ్చి, కళ్లు తిరిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ షుగరు చూసుకోమనాలి. స్పృహ తప్పిన మనిషికైతే నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. లో షుగర్ సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి, ఎందుకంటే అప్పుడు పేషెంటు తనకు తాను చేసుకోలేడు.

కోవూరు కోడలు:

ముందు పేషెంటుకే చెప్పాలి అని తేల్చేశారు. మా అత్తకు పక్షవాతం. మాట పోయింది, కుడిపక్క చచ్చుబడింది. ముక్కులో గొట్టం. ఆమెకు ఏం నేర్పుతారు సిస్టర్?

ఆసుపత్రిలో ఉన్న పద్దెనిమిది రోజులూ క్యారియరు తెచ్చిందీ, బట్టలు మార్చిందీ, ఒళ్లు తుడిచిందీ నేను. రౌండ్సుకొచ్చినప్పుడు మాత్రం మా ఆయన్నో మా మామనో పిలిచేవారు, నేను పక్కకు తప్పుకునేదాన్ని. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నాకు చెప్పింది ఆయమ్మ. ఆమె చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు. ఇంటికొచ్చాక నడుం కింద ఎర్రగా కందితే అందరూ చెప్పినట్టు పౌడరేసి రుద్దాను. వారానికి పుండైంది. ఎర్రబడిన చోట రుద్దకూడదని తర్వాత డ్రెస్సింగుకొచ్చిన సిస్టర్ చెప్పింది. వేలితో నొక్కి వదిలినా ఆ ఎరుపు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టేననీ, ఆ పక్క బరువు పడనివ్వకూడదనీ, దుప్పటి మడతలు కూడా లేకుండా చూడాలనీ అంది. ఇవన్నీ మొదటిరోజే నాతో అనుంటే మా అత్త ఒంటి మీద పుండు ఉండేది కాదు.

మీరు పేషెంటా కొడుకా అంటున్నారు. మధ్యలో కోడళ్లం ఉన్నాం. ఇంకోటి, గొట్టంలో జావ పోశాక ఎంతసేపు కూర్చోబెట్టాలో కూడా సరిగ్గా చెప్పండి, ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నారు.

నర్సింగ్ ట్యూటర్:

నువ్వడిగిందే ఈ చర్చలో అసలైన ప్రశ్న. అమెరికా నర్సు డొరొతియా ఒరెమ్ చెప్పిన స్వీయ సంరక్షణ సిద్ధాంతాన్ని పిల్లలకు పాఠంగా చెప్తుంటాం. అందులో మూడు మెట్లున్నాయి. మనిషి ఏమీ చేసుకోలేనప్పుడు అంతా మనమే చేయాలి. కొంత చేసుకోగలిగినప్పుడు పని పంచుకోవాలి. అంతా చేసుకోగలిగినప్పుడు నేర్పి, తోడుండాలి. మీ అత్తగారు మొదటి మెట్టు మీద ఉన్నారు, కాబట్టి నేర్చుకోవాల్సింది నువ్వు. హెడ్మాస్టరు గారు మూడో మెట్టు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో చేరిన రోజే చూసుకోవాలి, వారం పోయాక మళ్లీ చూడాలి. మాట పోయినవాళ్లకు కూడా చెవులు వినపడొచ్చు. తిప్పే ముందు ‘అత్తా, ఎడమపక్కకు తిప్పుతున్నా’ అని చెప్పు.

నెల్లూరు వార్డు సిస్టర్:

కోవూరు అమ్మాయీ, నువ్వు చెప్పింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా. మా వార్డులోనూ క్యారియరుతో తలుపు దగ్గర నిలబడే ఆడవాళ్లను ‘కొంచెం బయటుండమ్మా’ అన్నదాన్ని నేనే. కొడుకులకు ఆఖర్న అన్న మాట కోపంలో అన్నాను, వెనక్కి తీసుకుంటున్నా. చేసే చేయి ఎవరిదో ముందు అడగాలి. మతి తెలిసిన పేషెంటును దాటి మాత్రం మాట్లాడకూడదు, ఆ మాట మీదే ఉన్నా.

జావ పోసేటప్పుడు తల, వీపు కనీసం ముప్పై డిగ్రీలైనా ఎత్తులో ఉండాలి, పోశాక కూడా అరగంట నుంచి గంట అలాగే ఉంచాలి. పోసే ముందు ముక్కు దగ్గర గొట్టం మీదున్న గుర్తు కదిలిందేమో చూడు. కదిలినా, దగ్గొచ్చినా, ఊపిరి ఆడకపోయినా పోయొద్దు.

కావలి అబ్బాయి:

హెడ్మాస్టరు గారు చెప్పింది చదివాక నాన్నను అడిగాను, ఆ రోజు ఆసుపత్రిలో ఏం విన్నావు అని. ‘పడుకుంటే పోతానన్నారు’ అన్నాడు. సిస్టర్ ఆ మాట అనలేదు, నేనూ అక్కడే ఉన్నా. ఏడాదిగా ఆయన అదే మనసులో పెట్టుకొని ఉన్నాడు. ఆయనకు చెప్పకూడదు అన్న నా మాట పూర్తిగా వదల్లేదు, భయపెట్టే ముక్కలు మేం దాచుకోవడమే మంచిదని ఇప్పటికీ అనిపిస్తోంది. కానీ ఇప్పుడు సరిగ్గా ఎలా చెప్పాలో చెప్పండి సిస్టర్.

నెల్లూరు వార్డు సిస్టర్:

ముందు వచ్చే చెకప్‌లో డాక్టరు గారి చేతే ఆయనకు చెప్పించండి, పడుకోవచ్చని. ఆ మాట ఆయన చెవిన పడాలి.

ఇంట్లో మాత్రం ‘రాకూడదు, తినకూడదు’ అనే మాటలతో మొదలుపెట్టకండి. ఒక చిన్న పని అప్పగించండి. రోజూ పొద్దున బాత్రూముకి వెళ్లొచ్చాక, టిఫిన్ తినకముందు బరువు చూసుకొని నోటు పుస్తకంలో ఆయన చేత్తోనే రాయమనండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, అప్పుడు ఫోన్ చేయాలి. పెరగలేదంటే ఆ రాత్రికి ఆయన నిశ్చింతగా ఉండొచ్చు, ఆ అంకె ఆయన కళ్లముందే ఉంటుంది. ఉప్పు ఇంటిల్లిపాదికీ తగ్గించండి, ఆయనొక్కడికే వేరే గిన్నె పెట్టొద్దు. మనిషికి రోజుకు ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. ఆవకాయ, అప్పడం, ఎండుచేపల్లో ఉండే ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. చేపల పులుసు మానక్కర్లేదు, పచ్చిచేపతో ఉప్పు తగ్గించి, చింతపండు, మామిడికాయ పులుపుతో వండండి.

బరువు చూసే మిషన్ ఇంట్లో లేకపోతే మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్‌లో అడగండి. వారం తర్వాత ఆ పుస్తకంలో ఏం రాశారో ఇక్కడ చెప్పండి. నాకు డ్యూటీ టైమైంది.