కారు వెనక అద్దం మీద 'జ్ఞాపకార్థం' స్టిక్కర్: వత్తులు లేచిపోకుండా ఎలా?

రేడియం కటింగ్ (మెషిన్ బ్లేడ్‌తో వినైల్ స్టిక్కర్లు కోసే) పని తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. హ్యాచ్‌బ్యాక్ వెనక అద్దం మీద తెల్ల వినైల్‌తో పోయిన పెద్దాయన పేరు, కింద తేదీలు వేయాలి. పేరు 40 మి.మీ. ఎత్తు, దాంతో పేచీ లేదు. చిక్కంతా 'జ్ఞాపకార్థం', తేదీలు ఉండే 12 మి.మీ. అక్షరాలతోనే.

'జ్ఞాపకార్థం'లో ఞ వత్తు, థ వత్తు 4 మి.మీ. కూడా రావు. అక్కర్లేని వినైల్ పీకుతుంటే ముందు అవే లేచొస్తాయి. పైగా ఇంట్లోవాళ్లకి తేదీ దగ్గర 'మరణం' బదులు 'శివైక్యం' కావాలట. 'వై' కింద ఐత్వం ముక్క విడిగా తెగుతుంది. వత్తుని పైకి జరిపి అక్షరానికి తాకించి కోరల్‌డ్రాలో (డిజైన్ సాఫ్ట్‌వేర్) వెల్డ్ చేస్తే, అంటే రెండిటినీ ఒకే ముక్కగా కలిపేస్తే ఊడదు, కానీ అక్షరం ముద్దలా కనిపిస్తోంది. ఇంత చిన్న సైజుకి 'అను' తెలుగు ఫాంట్లలో ఏది నప్పుతుంది? బ్లేడ్ ప్రెషర్ తగ్గించాలా, స్పీడా?

సబ్బునీళ్లు చల్లి అతికిస్తే చిన్న ముక్కలు అద్దాన్ని పట్టక, అక్షరాల్ని ఎత్తి పెట్టే పైటేపుతోపాటే వచ్చేస్తున్నాయి. పొడిగా అతికిస్తే వంకర పోయినా సరిచేయలేం. నీళ్లతోనే చేసేవాళ్లు టేపు తీసేముందు ఎంతసేపు ఆగుతారు?

వైపర్ తగలకుండా లోపలివైపు వేయమనొద్దు. రేపు తీసేటప్పుడు డీఫాగర్ (అద్దం మీది మంచు, ఆవిరి పోగొట్టే హీటర్) గీతలు ఊడొస్తాయి. పెద్ద ఫొటో ఫిల్మ్ కూడా వద్దు: వెనక అద్దంలోంచి 70 శాతం వెలుతురు రావాలన్న నిబంధన ఉంది.