అప్‌డేట్: డ్రోన్ ఇప్పుడు మాట వింటోంది

అందరికీ నమస్కారం. మూడు వారాల క్రితం, "పైకి లేపగానే నా డ్రోన్ గాలికి పక్కకి కొట్టుకుపోయి కొబ్బరి మట్టలకి తగిలింది, తప్పెక్కడ?" అని అడిగాను. మీరు చెప్పిందే నిజం. జీపీఎస్ సిగ్నల్ అందకముందే ఎగరేశాను. అది లేకపోతే డ్రోన్ ఉన్నచోట నిలబడదు, గాలి ఎటు తోస్తే అటే. రెక్కలు మార్చాను, ఇంకేమీ దెబ్బతినలేదు.

ఇప్పుడు పెరట్లో కాదు, కోతలయిన చేలో ఎగరేస్తున్నాను. ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ మ్యాప్) చూశాను, మా ఊరు గ్రీన్ జోన్‌లోనే ఉంది, 400 అడుగుల వరకూ ఎగరేయొచ్చు. హోమ్ పాయింట్, అంటే డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు, నమోదయ్యిందని యాప్ చెప్పేదాకా రిమోట్ స్టిక్ ముట్టుకోను. రిటర్న్ టు హోమ్ ఎత్తు, అంటే డ్రోన్ తనంతట తానే వెనక్కి వచ్చేటప్పుడు ఎగిరే ఎత్తు, 20 మీటర్లుంటే 40కి పెంచాను. కోనసీమలో కొబ్బరిచెట్ల మధ్య 20 మీటర్లు ఏ మూలకి?

బాగా కష్టమైంది డ్రోన్ ముక్కు నావైపు తిరిగినప్పుడు. కుడి అంటే ఎడమకి పోతుంది. రెండు బ్యాటరీలు పూర్తిగా దానికే ఖర్చుపెట్టాను, కెమెరా ముట్టుకోలేదు. ఇప్పుడు చేతులు తడబడటం లేదు.

గాలికి ఎదురు వెళ్ళి, గాలివాలున తిరిగి రమ్మన్న సలహా బంగారం. బ్యాటరీ 30 శాతం మిగిలుండగానే దింపేస్తున్నాను.

నిన్న పొద్దున్నే మంచులో కాలవ వీడియో తీశాను. మా నాన్నగారు ఫోన్‌లో చూసి, "మన చేను పైనుంచి ఇలా ఉంటుందా!" అని మళ్ళీ మళ్ళీ వేయించుకున్నారు.